అరవై దగ్గర ఈల

నా పెజో కిటికీ రబ్బర్లు
ఉప్పుగాలి తిని తిని
ఎండుచేప తోలులా బిగుసుకుపోయాయి.
గిల్లితే నల్లటి పొడి,
గోటి సందుల్లో మూడు రోజులుంటుంది.

నియెబ్లా నుంచి వల్దీవియా సంతదాకా
నదిని ఆనుకునే దారి.
వెనక సీట్లో ఆల్చిప్పల బస్తాలు,
ముందు సీట్లో మా ఆడబిడ్డ నొల్ఫా,
ఆమె ఒళ్ళో తువ్వాలు.
ఇక్కడ వాన ఆగిందంటే
ఊపిరి తీసుకోవడానికే.
అద్దం ఎంత పైకి బిగించినా
పక్కనుంచి సన్నటి ధార దిగి
నొల్ఫా మోచేతి మీదుగా
ఆమె విసుగులోకి ఇంకేది.

"ఈ బండికి రబ్బర్లా?
చేసేవాళ్ళే పోయారు" అన్నాడు
విడిభాగాల కొట్లో కుర్రాడు,
నా చేతిలో కాయితం చూడకుండానే.

కొయీకో తుక్కు దొడ్డిలో
ఎవారిస్తో నోట్లో పుల్ల పెట్టుకుని
దూడను బేరమాడేవాడిలా
నా తలుపులన్నీ తడిమాడు.
తిరిగి తిరిగి ఒక పచ్చ లాడా ముందు ఆగాడు.
దాని ముక్కు నుజ్జునుజ్జు.
తలుపుల అంచుల్లో రబ్బరు మాత్రం
ఇంకా మెత్తన,
పిల్లి చెవంత మెత్తన.

"నాలుగు వేళ్ళు పొడుగెక్కువ.
ఎక్కువైతే కోస్తాం.
తక్కువైతే కదా ఏడవాలి."

సబ్బునీళ్ళు రాశాం.
స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి
అంగుళం అంగుళం లోపలికి తోశాం.
మూల దగ్గర మొండికేసింది.
లాడా మూల నలుపలకలు,
నా పెజోది గుండ్రం.
ఎవారిస్తో లోపలి వైపు
మూడు చిన్న గాట్లు పెట్టాడు.
వంగింది.

అద్దం తిప్పితే రెట్ట నొప్పెట్టేంత బిగువు.
"కొత్త చెప్పు కరవదా,
నడవగా నడవగా..."
మాట మధ్యలో వదిలేసి పుల్ల మార్చాడు.

మర్నాడు
వాన బయటే ఉండిపోయింది.
అద్దం మీద దాని పెదాలు కదులుతున్నాయి,
మాట వినపడదు.
నొల్ఫా గుటక వేయడం వినిపించింది.
బస్తాల్లో ఆల్చిప్పలు
తెరుచుకుంటూ మూసుకుంటూ
టిక్కు, టిక్కు.
ఇన్నేళ్ళూ ఇవి మాట్లాడుకుంటూనే ఉన్నాయా?

నొల్ఫా తువ్వాలు మడత విప్పలేదు.
దాని అంచు సవరిస్తూ,
గొంతు పెంచాల్సిన పని లేక,
పడవలో తన వాటా అమ్మేశానని చెప్పింది.
ఎవరికి అని అడగలేదు నేను.
వంతెన ఎప్పుడు దాటామో తెలీదు.

పోలీసు చెయ్యెత్తాడు.
"ఎనభై రెండు" అన్నాడు.

నా వేగం ముల్లు
తొమ్మిదేళ్ళుగా సున్నా మీద పడుకునే ఉంది.
దాన్ని లేపాలని ఎప్పుడూ అనుకోలేదు.
ఆ చిల్లుల కిటికీయే నాకు లెక్క చెప్పేది:
యాభైకి మూలుగు,
అరవైకి ఈల,
డెబ్భైకి పొయ్యి మీద మరిగే కెటిల్.
ఎవరికీ చెప్పలేదు,
చెప్పుకునేంత గొప్ప సంగతా?

"రబ్బరు మార్చానండీ, అందుకని..."
అతను టోపీ మీంచి నీళ్ళు కారుతుండగా వంగి
కిటికీ అంచు వేలితో నొక్కి చూశాడు.
"లాడాదా?"
"లాడాదే."
"మా మామకుండేది" అన్నాడు ఎంతో ప్రేమగా.
జరిమానా పైసా తగ్గించలేదు.

ఆదివారం
వెనక ఎడమ తలుపుకి, పై అంచున,
జానెడు కొత్త రబ్బరు కోసి తీసేశాను.
డబ్బాలో దాచిన పాత ముక్క
జిగురు పెట్టి అక్కడ అతికించాను.
అక్కడ కూర్చునేవి ఆల్చిప్పలు,
తడి వాటికి కొత్త కాదు.

సోమవారం, నది మలుపు.
వెనక నుంచి సన్నగా,
మునుపటికన్నా కాస్త బొంగురుగా,
వచ్చింది ఈల.
నేను కాలు తేలిక చేసేలోపే
నొల్ఫా, కళ్ళు మూసుకునే,
"అరవై, వదినా" అంది.